నొప్పి మందు వద్దన్న ప్రోటోకాల్: అండాశయాలు తీసిన ఎలుకల కేసు

ప్రయోగం ఎలా చేస్తారో ముందే రాసిచ్చే ప్రోటోకాల్ ఫారంలో, సర్జరీ తర్వాత ఎలుకలకు ఇచ్చే నొప్పి మందు ఏమిటో రాయాల్సిన గడిలో "లేదు" అని ఉంది. దాని కింద కారణం కూడా రాశారు: "కొలిచేదే నొప్పి కాబట్టి మందు ఇస్తే ఫలితాలు చెడతాయి." నేను ల్యాబ్ జంతువుల వెటర్నరీ డాక్టర్ని. హైదరాబాద్ శివార్లలో ఒక పరిశోధన సంస్థలో ఎలుకల బాగోగులు చూడటం నా ఉద్యోగం. ఆ గడి దగ్గర ఆగాను, అడిగాను. ఆ ప్రయోగం తలపెట్టిన పరిశోధకులు చెప్పింది విని, సంస్థ నైతిక కమిటీలో తలూపి, సంతకం పెట్టాను. ఆ సంతకం నాది కాబట్టి ఈ కేసు మొదటి నుంచీ రాయాల్సిన బాధ్యత కూడా నాదే.

వాళ్లు పట్టుకున్న ప్రశ్న మాత్రం చాలా మంచిది. ఆడవాళ్లలో అండాశయాలు పనిచేయడం ఆగిపోయాక ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు ఎందుకు పెరుగుతాయి? మన దగ్గర ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను తీసుకుంటే, గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. వీళ్లలో కొందరికి గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తారు. ముట్లు వాటంతటవే ఆగిపోయేటప్పుడు అండాశయాల హార్మోన్ ఈస్ట్రోజెన్ కొన్నేళ్ల పాటు హెచ్చుతగ్గులవుతూ తగ్గుతుంది. ఆపరేషన్‌లో అయితే ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఆరోమటేజ్ నిరోధక మందులు వాడేవాళ్లలో దాదాపు సగం మంది కీళ్లనొప్పులు చెప్తారు. ఆ మందుల పని ఒంట్లో మిగిలిన కాస్త ఈస్ట్రోజెన్ తయారీని కూడా ఆపడమే. అంటే హార్మోన్‌కూ నొప్పికీ ఏదో లంకె ఉంది. అదేమిటో, దాన్ని ఏ మందు సర్దగలదో ఎలుకల్లో చూద్దామని వాళ్ల ఉద్దేశం.

ఎలుకకు మనిషిలా ముట్లు ఆగిపోవడం ఉండదు. వయసు మీద పడేకొద్దీ దాని ఋతుచక్రం గతి తప్పుతుంది గానీ ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా అడుగంటదు. అందుకే అండాశయాలు తీసేసే పద్ధతి. ఇది ఆపరేషన్ అయిన మనిషికి సరిపోయే నమూనా, సహజంగా ముట్లుడిగిన మనిషికి అంత సరిపోదు. ఈ తేడా ప్రోటోకాల్‌లో రాయించాను. ఆ ఒక్క విషయంలో మాత్రం మొదటే గట్టిగా నిలబడ్డాను.

మొదటి బ్యాచ్

ఇరవై నాలుగు స్ప్రేగ్-డాలీ ఆడ ఎలుకలు, పది పన్నెండు వారాల వయసు, 200 గ్రాములకు అటూ ఇటూ. పన్నెండింటికి అండాశయాలు తీశారు, పన్నెండింటికి ఉత్తుత్తి సర్జరీ చేశారు. మేం షామ్ అంటాం. కిలోకు 80 మిల్లీగ్రాముల కెటమిన్, 10 మిల్లీగ్రాముల జైలజిన్‌తో మత్తు. వెన్నుకు అటూ ఇటూ, నడుముకు కాస్త పైన బొచ్చు గొరిగి, చర్మం కోసి, కండరాన్ని కత్తెర మొనతో విడదీస్తే తెల్లటి కొవ్వు ముద్ద పైకి వస్తుంది. ఆ కొవ్వులో బుల్లి ద్రాక్షగుత్తిలా గులాబీ రంగులో ఉండేదే అండాశయం. దాని కిందనుంచి గర్భకోశపు కొమ్ము చివర దారంతో ముడి వేసి, పైభాగం తీసేసి, మిగతాది లోపలికి తోసి కుట్లు వేస్తారు. షామ్ ఎలుకకు ఇదంతా చేసి, కొవ్వును బయటికి లాగి మళ్లీ లోపల పెట్టేస్తారు, అంతే. చేయి తిరిగినవాళ్లకు ఒక్కో ఎలుకకు పదిహేను నిమిషాలు చాలు.

నొప్పి కొలవడానికి రెండు పరీక్షలు. ఒకటి వాన్ ఫ్రే తీగలు. జల్లెడలాంటి మెష్ మీద ఎలుకను వదిలి, అది సద్దుమణిగాక కింద నుంచి వెనక పాదానికి సన్నని నైలాన్ తీగను వంగేదాకా ఆనిస్తారు. ఒక్కో తీగకు ఒక్కో బలం. పాదం లాక్కుంటే తర్వాత దానికంటే సన్న తీగ, లాక్కోకపోతే దానికంటే లావు తీగ. ఇలా పైకీ కిందికీ వెళ్లి, ఏ బలం దగ్గర ఎలుక ఇక వద్దంటుందో లెక్క కడతారు. పెద్ద ఎలుకల్లో 15 గ్రాముల తీగ దగ్గర ఆపేస్తాం. ఎందుకంటే అంతకు మించితే నొప్పికి కాకుండా పాదమే పైకి లేచిపోతుంది. రెండోది హాట్ ప్లేట్, 52 డిగ్రీల పలక. పాదం నాకినా, విదిలించినా, గెంతినా అప్పటికి సెకన్లు లెక్కపెట్టి తీసేయాలి. ఏమీ చేయకపోయినా 30 సెకన్లకు తీసేయాలి, లేకపోతే కాలుతుంది.

సర్జరీ అయిన మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు కొలిచారు. మూడో రోజు రెండు గుంపుల్లోనూ దాదాపు అన్ని ఎలుకలూ సన్న తీగకే కాలు లాక్కున్నాయి. ఏడో రోజూ అంతే, కాస్త తక్కువ. పద్నాలుగో రోజుకు రెండూ మామూలు స్థితికి దగ్గరగా వచ్చేశాయి. అండాశయాలు తీసినవాటికీ షామ్‌కూ తేడా లేదు. హాట్ ప్లేట్ మీదా లేదు. ఈస్ట్రోజెన్ పోతే నొప్పి పెరగదని రాయడానికి కూర్చున్నారు. ఆ రాసే పని పీహెచ్‌డీ విద్యార్థినిది. డేటా షీట్లు పట్టుకుని నా గదికి వచ్చింది. "సార్, షామ్ ఎలుకలు ఎందుకింత ముడుచుకుపోయాయి? వాటికి ఏమీ తీయలేదు కదా" అంది.

ఏమీ తీయలేదు, నిజమే. కానీ రెండు వైపులా కోశాం.

ఎక్కడ తప్పాం

రోజువారీ రిజిస్టర్ తీసి చూశాను. మా అటెండరు పెద్దాయన చదువు తక్కువే, కానీ పాతికేళ్లుగా ఎలుకలు చూస్తున్నాడు. సర్జరీ అయిన మర్నాడు ఆయన ఒక్కో పంజరం పక్కన రాసినవి ఇవి: "గూడు కట్టలే", "మూలకు", "బొచ్చు లేసింది", "కండ్ల చుట్టు ఎర్ర". ఎర్ర అంటే రక్తం కాదు, ఒత్తిడిలో ఉన్న ఎలుక కళ్ల దగ్గర చేరే పోర్ఫిరిన్ స్రావం. కళ్లు సగం మూయడం, బుగ్గలు చదునుగా అవడం, చెవులు ముడవడం, ఇలా ఎలుక ముఖం చూసి నొప్పిని లెక్కించే కొలబద్దను 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం ప్రచురించింది. చిట్టెలుకలకైతే 2010లోనే వచ్చింది. మేం దాన్ని వాడలేదు. పెద్దాయన మాత్రం పేరు తెలియకుండానే వాడాడు.

నొప్పి మందు వద్దన్న వాదనలో ఒక తిరకాసు ఉంది. మందు లేకపోతే డేటాలో వేరే ఏమీ కలవదని అనుకుంటాం. కానీ మందు లేని చోట ఖాళీ ఉండదు, కోత నొప్పి ఉంటుంది. కోత వల్ల చుట్టుపక్కల చర్మం, దూరంగా ఉన్న పాదం కూడా సున్నితమవుతాయి. గాయం నుంచి వెళ్లే సంకేతాల జోరుకు వెన్నుపాములోని నరకణాలు రెచ్చిపోయి మామూలు స్పర్శను కూడా నొప్పి లెక్కన పంపడం మొదలుపెడతాయి. ఎలుక అరికాలిలో చిన్న కోత పెడితే ఆ సున్నితత్వం కొన్ని రోజుల పాటు ఉంటుందని 1996లో టిమోతీ బ్రెనన్ బృందం చూపించింది, ఇప్పటికీ సర్జరీ నొప్పి పరిశోధనకు అదే నమూనా. మేం మూడో రోజు, ఏడో రోజు కొలిచింది కోతను. ఈస్ట్రోజెన్‌ను కాదు.

ఇంకో తప్పు అంతకంటే పెద్దది. 2005లో సనోయా, సెర్వెరో చిట్టెలుకల్లో అండాశయాలు తీసి చూశారు. పొట్ట, వెనక కాళ్లు, తోక మొదలు దగ్గర స్పర్శకు సున్నితత్వం పెరిగింది, కానీ మెల్లగా. పూర్తిగా స్థిరపడటానికి నాలుగు వారాలు పట్టింది. అయిదో వారంలో మెల్లగా విడుదలయ్యే ఈస్ట్రోజెన్ గుళికలు పెడితే తగ్గింది. మేం పద్నాలుగో రోజుకే పరీక్ష ముగించి ఎలుకలను పక్కన పెట్టేశాం. నాట్లు వేసిన రెండో వారం కోతకు వెళ్లి గింజ లేదని తిరిగొచ్చినట్టయింది.

అక్కడితో ఆగలేదు. ఒక్క తప్పు దొరికితే దాని చుట్టాలు కూడా దొరుకుతాయి కదా.

సర్జరీకి ముందు కొలతలు తీసింది విద్యార్థిని. తర్వాత కొలతలు తీసింది మగ రీసెర్చ్ ఫెలో. మగ మనిషి గదిలో ఉంటే, ఆఖరికి మగవాళ్లు వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా, ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పి తక్కువ చూపిస్తాయని 2014లో మెక్‌గిల్ బృందమే తేల్చింది. ఇది చదివినప్పుడు మావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఒకే బ్యాచ్‌లో మధ్యలో మనిషిని మార్చడం మాత్రం నవ్వుకునే విషయం కాదు.

మేత. మన దగ్గర ఎలుకలకు పెట్టే పెల్లెట్లలో ప్రొటీన్ కోసం సోయా పిండి వేస్తారు. సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ అనే పదార్థాలు ఉంటాయి, ఈస్ట్రోజెన్ గ్రాహకాలకు అతుక్కుంటాయి. ఒకవైపు కత్తితో ఈస్ట్రోజెన్ తీసేసి, మరోవైపు గిన్నెలో దాని చుట్టాన్ని వడ్డిస్తున్నాం. నరం దెబ్బతిన్న ఎలుకల్లో సోయా మేత నొప్పి సున్నితత్వాన్ని తగ్గించిందని 1998లోనే యోరం షీర్ బృందం చెప్పింది. పంజరాల సంగతి కూడా ఉంది. అమెరికాలో ప్యాట్రీషియా హంట్ ప్రయోగశాలలో 1998లో తప్పుడు డిటర్జెంట్‌తో కడిగిన పాలికార్బనేట్ పంజరాల నుంచి ఈస్ట్రోజెన్‌లా పనిచేసే బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం ఊరి, ఆడ చిట్టెలుకల అండాల్లో క్రోమోజోముల లెక్క తప్పింది. అసలు కారణం పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది, 2003లో ప్రచురించారు. మా పంజరాలు పాలిప్రొపిలీన్‌వి కాబట్టి ఆ భయం లేదు, కానీ నీళ్ల సీసాలు పాలికార్బనేట్‌వి. గీతలు పడి మసకబారినవన్నీ తీయించాను.

నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది స్మియర్ సంగతి. అండాశయాలు పూర్తిగా పోయాయో లేదో తెలుసుకోవడానికి యోని నుంచి రెండు చుక్కల సెలైన్‌తో కణాలు తీసి గాజుపలక మీద చూస్తాం. ఎలుక చక్రం నాలుగైదు రోజులు. ఈస్ట్రోజెన్ ఉన్న ఎలుకలో చక్రం నడుస్తూ కెరటినైన పలుచటి పెంకు కణాలు వస్తుంటాయి, లేనిదానిలో ఎప్పుడు చూసినా తెల్లకణాలే. (ఈ విద్య గినీపందుల మీద 1917లో స్టాకార్డ్, పాపనికొలావ్ మొదలుపెట్టారు. ఆ పాపనికొలావ్ పేరే ఆ తర్వాత ఆడవాళ్ల క్యాన్సర్ పరీక్షకు పాప్ స్మియర్‌గా స్థిరపడింది.) మొదటి బ్యాచ్‌లో స్మియర్లు తీయలేదు. సర్జన్ చేయి మీద నమ్మకం.

కమిటీలో

జంతువుల మీద ప్రయోగాలకు మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఒక కేంద్ర కమిటీ ఉంది. ఇదివరకు సీపీసీఎస్‌ఈఏ అనేవాళ్లం, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. ప్రతి సంస్థలోనూ సొంత నైతిక కమిటీ ఉండాలి, అందులో వెటర్నరీ డాక్టరు ఉండాలి. సర్జరీకి నొప్పి మందు ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వడం లేదో శాస్త్రీయంగా చూపించాలి. మావాళ్లు చూపించింది కారణమే, కానీ దాన్ని ఎవరూ పరీక్షించలేదు. "ఫలితాలు చెడతాయి" అన్న వాక్యానికి ఒక్క ఆధారం కూడా జత చేయమని అడగకుండా సంతకాలు చేశాం.

రెండోసారి కమిటీలో కూర్చున్నప్పుడు, ఈసారి మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇవ్వాలన్నాను. ప్రధాన పరిశోధకురాలికి, నాకు మధ్య కొంచెం వేడి పుట్టింది. "మెలాక్సికామ్ నొప్పిని రేపే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతుంది, ఈస్ట్రోజెన్ కూడా వాటి దారిలోనే తిరుగుతుంది. రెండూ కలిస్తే ఎవరి పని ఎవరిదో ఎలా చెప్తారు డాక్టరుగారూ?" అన్నారామె. న్యాయమైన ప్రశ్న. "మేడమ్, మందు మూడు రోజులు. మీ కొలత నాలుగో వారం తర్వాత. అప్పటికి మెలాక్సికామ్ ఒంట్లో ఉండదు. పైగా షామ్‌కూ అదే మందు, అదే రోజులు" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే షామ్ కూడా కాదు, అసలు కత్తి పెట్టని గుంపు ఒకటి ఉండాలి కదా" అన్నారు. ఆ మాట నాకు తట్టలేదు. పంజరాల కొరత వల్ల ఆ గుంపును చిన్నగా, నాలుగు ఎలుకలతో, కొలతలకు మాత్రమే పెట్టుకున్నాం.

మార్ఫిన్ జాతి మందు, అంటే ఓపియాయిడ్ ఇద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. బుప్రెనార్ఫిన్ ఎలుకలకు మంచి మందే. కానీ అది మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కిందికి వస్తుంది, రిజిస్టర్లు, తాళాలు, అనుమతులు. అది ఇచ్చిన ఎలుకలు పంజరంలో పరిచిన ఊక, పొట్టు తినేసి కడుపు బరువెక్కించుకోవడం కూడా చూస్తుంటాం. ఇక్కడ ఇంకో కారణం ఉంది. నరం గాయమైన మగ ఎలుకలకు కొన్ని రోజులు మార్ఫిన్ ఇస్తే, మార్ఫిన్ ఆపాక కూడా సున్నితత్వం వారాల తరబడి ఎక్కువ కాలం నిలిచిందని 2016లో కొలరాడో విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. మాది నరం గాయం కాదు, మందూ వేరు. అయినా కొలిచేది నాలుగో వారం తర్వాత కాబట్టి ఆ అనుమానానికి తావివ్వకూడదనుకున్నాం.

రెండో బ్యాచ్

కోత పెట్టబోయే చోట తిమ్మిరెక్కించే మందు బ్యుపివకెయిన్, 0.25 శాతం ద్రావణం, ఎలుకకు సుమారు 0.18 మిల్లీలీటర్లు రెండు వైపులకు పంచి చర్మం కింద వేశాం. అంటే కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్క. పని చేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కాబట్టి మత్తు ఇచ్చిన వెంటనే ఇది వేసి, తర్వాత బొచ్చు గొరిగేవాళ్లం. మెలాక్సికామ్ కిలోకు 1 మిల్లీగ్రాము, చర్మం కింద, కోతకు ముందు మొదలుపెట్టి రోజుకొకసారి మూడు రోజులు. (ఈ మందు మీద వెటర్నరీ వాళ్లకు వేరే అభిమానం ఉంది. రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించాక దాని స్థానంలోకి వచ్చింది ఇదే.) కింద వెచ్చటి ప్యాడ్, కళ్లకు మలాము. ఎలుక ఒళ్లు మత్తులో త్వరగా చల్లబడుతుంది, చల్లబడ్డ ఎలుక లేవడానికి గంటలు తీసుకుంటుంది.

మర్నాడు పెద్దాయన రిజిస్టర్‌లో "గూడు కట్టినయ్" అని రాశాడు. పంజరానికొక టిష్యూ పేపర్ వేస్తే అవి చింపి గూడు కట్టాయి. ముఖం కొలబద్ద కూడా ఈసారి కాగితం మీద రాశాం, కానీ నాకు ఆ రెండు మాటలు చాలు.

గుంపులు అయిదు, ఒక్కోదానిలో ఎనిమిది: షామ్, షామ్‌కు గాబాపెంటిన్ (నరాల నొప్పికి వాడే మందు), అండాశయాలు తీసినవి, తీసి ఎస్ట్రాడియాల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) ఇచ్చినవి, తీసి గాబాపెంటిన్ ఇచ్చినవి. ఎస్ట్రాడియాల్ గుళికల జోలికి పోలేదు. మార్కెట్లో దొరికే కొన్ని గుళికలు పెట్టిన కొత్తలో ఎలుక ఎన్నడూ చూడనంత హార్మోన్ వదిలేస్తాయి, తర్వాత నీరసిస్తాయి. స్వీడన్‌లో లింకోపింగ్ వాళ్లు ఎస్ట్రాడియాల్‌ను న్యూటెల్లాలో కలిపి ఎలుకలకు నాకించారు, పద్ధతి బాగుందని చదివి మురిసిపోయాం గానీ మా కొనుగోళ్ల విభాగానికి ఆ బిల్లు పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి పాత పద్ధతే: నువ్వుల నూనెలో కరిగించిన ఎస్ట్రాడియాల్ బెంజోయేట్, 2 మైక్రోగ్రాములు, నాలుగు రోజులకొకసారి. సహజ చక్రంలో ఈస్ట్రోజెన్ లేచి పడే తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. మిగతా గుంపులన్నిటికీ ఉత్త నువ్వుల నూనె.

మేత సోయా లేనిది. కొలిచేది ఒక్క విద్యార్థినే, ఏ పంజరం ఏ గుంపుదో తెలియకుండా. ఇంజెక్షన్లు నేను ఇచ్చాను. నేను మగవాణ్ణి కాబట్టి కొలతల రోజున ఆ గదిలో అడుగు పెట్టకూడదని నాకు నేనే నిషేధం విధించుకున్నాను.

రెండో వారంలో తేడా లేదు. మూడో వారంలో ఉందా లేదా అన్నట్టు. అయిదో వారానికి అండాశయాలు తీసిన గుంపులో చాలా ఎలుకలు షామ్ కంటే స్పష్టంగా సన్న తీగకే కాలు తీశాయి. షామ్, కత్తి పెట్టనివి దాదాపు ఒకే చోట ఉన్నాయి, అంటే ఈసారి కోత నొప్పి లెక్కలోకి రాలేదు. హాట్ ప్లేట్ మీద మాత్రం గుంపుల మధ్య తేడా ఈసారి కూడా లేదు. ఇది నన్ను పెద్దగా ఆశ్చర్యపరచలేదు. వేడిని మోసే నరాలు వేరు, స్పర్శకు ఒళ్లు జివ్వుమనడం వేరు. పైగా అండాశయాలు తీసిన ఎలుకలు ఎక్కువ తిని లావెక్కాయి. పాదం మీద పడే బరువు మారితే హాట్ ప్లేట్ సెకన్లను నేను అంత నమ్మను.

ఎస్ట్రాడియాల్ ఇచ్చిన గుంపు షామ్‌కు దగ్గరగా వచ్చింది. గాబాపెంటిన్ గుంపు కూడా వచ్చింది, మొదటి చూపులో ఇంకా బాగా వచ్చింది. ఇక్కడే ఆగాలి. మత్తెక్కిన ఎలుక కాలు లాక్కోదు. నొప్పి తగ్గిందో, తూగుతోందో వాన్ ఫ్రే తీగకు తెలియదు. తిరిగే కడ్డీ మీద ఎలుక ఎంతసేపు నిలబడుతుందో చూశాం, రోటారాడ్ అంటారు. మొదట అనుకున్న మోతాదు ఇచ్చిన ఎలుకలు తొందరగా జారిపడ్డాయి. మోతాదు సగానికి తగ్గించి మళ్లీ కొలిస్తే కడ్డీ మీద నిలబడ్డాయి. తీగ దగ్గర లాభం కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అదే మోతాదు ఇచ్చిన షామ్ ఎలుకల్లో తీగకు స్పందన మారలేదు. గాబాపెంటిన్ స్వభావానికి ఇది సరిపోతుంది. నరకణంలో కాల్షియం ద్వారానికి అంటుకుని ఉండే ఒక ఉపభాగాన్ని పట్టుకుంటుంది, మామూలు నొప్పిని కాక రెచ్చిపోయిన వ్యవస్థను చల్లబరుస్తుంది. ఆడవాళ్లలో ముట్లుడిగాక వచ్చే ఒంటి ఆవిర్లకు కూడా కొందరు డాక్టర్లు ఇదే మందు రాస్తారు.

ఈస్ట్రోజెన్ మీద ఒక హెచ్చరిక

ఈ కేసు చదివి ఈస్ట్రోజెన్ నొప్పి తగ్గిస్తుందని ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోను. దవడ కీలు నొప్పి నమూనాల్లోనూ, పేగుల నొప్పి నమూనాల్లోనూ ఎస్ట్రాడియాల్ ఇస్తే ఎలుకల్లో నొప్పి పెరిగిన ఫలితాలు ఉన్నాయి. దీని గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలు, పొరకు అతుక్కున్న మూడోది జీపర్. వెన్ను పక్కనున్న నరముళ్లలోనూ, వెన్నుపాము వెనక కొమ్ములోనూ, మెదడులోనూ ఉన్నాయి. ఏ గ్రాహకం, ఏ అవయవం, ఎంత మోతాదు, ఎంతకాలం లేమి తర్వాత ఇచ్చారు అన్నదాన్ని బట్టి పని తారుమారవుతుంది. అండాశయం తీస్తే పోయేది ఒక్క ఈస్ట్రోజెన్ కాదు, ప్రొజెస్టిరాన్ కూడా. దాని నుంచి పుట్టే అల్లోప్రెగ్ననొలోన్ మెదడులో గాబా గ్రాహకాల మీద పనిచేసి నరాలను నెమ్మదింపజేస్తుంది. మేం ఎస్ట్రాడియాల్ ఒక్కటే తిరిగిచ్చాం. ప్రొజెస్టిరాన్ కలిపి ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఈ బ్యాచ్ చెప్పదు.

ఇన్నాళ్లూ ఈ సంగతులన్నీ వెనకబడి ఉండటానికి కారణం ఆడ ఎలుకలను వాడకపోవడమే. 2005లో వచ్చిన ఒక సమీక్షలో, అంతకుముందు పదేళ్లలో 'పెయిన్' పత్రికలో అచ్చయిన జంతు అధ్యయనాలు లెక్కపెడితే కనీసం 79 శాతం మగ జంతువులవే. చక్రం వల్ల ఆడ ఎలుకల్లో కొలతలు ఊగిసలాడతాయని సాకు. 2015లో అదే మెక్‌గిల్ వైపు నుంచి వచ్చిన పనిలో, నరం గాయం తర్వాత సున్నితత్వం మగ చిట్టెలుకల్లో మైక్రోగ్లియా అనే కణాల మీద ఆధారపడితే, ఆడవాటిలో ఆధారపడలేదు. అక్కడ రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల వైపు వేలు చూపించింది. మగ ఎలుకలో బాగా పనిచేసిన మందు ఆడవాళ్ల దగ్గర చతికిలబడితే ఆశ్చర్యపోవడానికి ఏముంది?

మరొకటి, ఇది పరిశోధకులకు నచ్చదు. సలుపు, పోటు, తీపు, మంట, జివ్వున లాగడం అని మనం నొప్పికి ఇన్ని పేర్లు పెట్టుకున్నాం. వాన్ ఫ్రే తీగ వీటిలో దేన్నీ కొలవదు. కాలు లాక్కుందా లేదా, అంతే. మోకాలు పట్టేసి లేవలేకపోతున్న యాభై ఏళ్ల మనిషి బాధకూ ఈ తీగకూ మధ్య దూరం చాలా ఉంది. అందుకే గూడు కట్టడం, తిండి, బరువు, పంజరంలో పెట్టే పరుగు చక్రం తిప్పడం లాంటివి కూడా లెక్కలో పెట్టమని అడుగుతుంటాను. ఇవి ఎలుక తనంతట తాను చేసే పనులు, వాటిని మానేస్తే మనం తీగతో అడగకుండానే అది జవాబు చెప్పినట్టు.

పోస్ట్‌మార్టం

రెండో బ్యాచ్‌లో స్మియర్లు మానలేదు. సర్జరీ అయిన రెండు వారాల తర్వాత అండాశయాలు తీసి, ఎస్ట్రాడియాల్ ఇవ్వని ఎలుకలన్నిట్లో తెల్లకణాలే కనిపించాయి, ఒక్కదానిలో తప్ప. పదిహేడో నంబరు. నాలుగైదు రోజులకొకసారి పెంకు కణాలు కనిపిస్తూనే ఉన్నాయి. అయిదో వారంలో కూడా దాని కొలత షామ్ ఎలుకల మధ్య పడింది. నిబంధన ప్రకారం దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. అది ఏ గుంపుదో తెలియని విద్యార్థిని మాత్రం కారణం తేలేదాకా తీయనంది.

చివర్లో ఎలుకలన్నిటినీ మత్తులో ముగించి గర్భకోశాలు తూచాం. ఈస్ట్రోజెన్ లేని ఎలుక గర్భకోశం దారంలా సన్నబడి పాలిపోయి ఉంటుంది, ఉన్నదానిది లావుగా, ఎర్రగా. కొలతలన్నిటికంటే నిజాయితీగా మాట్లాడేది ఇదే. పదిహేడో నంబరుది లావుగా ఉంది. కుడివైపు కొవ్వు ముద్దను వేళ్ల మధ్య నలిపి చూస్తే మధ్యలో గట్టిగా ఏదో తగిలింది. విడదీస్తే బియ్యపు గింజంత అండాశయపు ముక్క, దాని మీద అండాలు పెరిగే పుటికలు కూడా ఉన్నాయి. ముడి వేసింది దానికి అర మిల్లీమీటరు పైన.

ఆ సర్జరీ చేసింది నేనే. విద్యార్థిని రిజిస్టర్‌లో "17: కుడివైపు అవశేషం, సర్జన్" అని రాసి, నా పేరు పక్కన ఖాళీ వదిలి పెన్ను నాకిచ్చింది.